రసానికి పీరియడు లేదు

మా నూజివీడు వైపు కలెక్టరు అంటే రెండర్థాలు. ఒక కలెక్టరు కారు దిగుతాడు. రెండో కలెక్టరు లారీ ఎక్కుతుంది. బయటి ఊళ్ళవాళ్ళు తోతాపురి అనే మామిడికాయని మేం కలెక్టరు అంటాం. గట్టి కాయ, మందపు తోలు. ఎంత దూరం ప్రయాణం చేయించినా మొహం వాడదు. జ్యూసు ఫ్యాక్టరీ వాళ్ళకి అదంటే ప్రాణం.

రసాల సంగతి వేరు. చిన్నరసం గాని, పెద్దరసం గాని, చెరుకురసం గాని కత్తి పెట్టి కోస్తే దానికి అవమానం, మనకి నష్టం. రెండరచేతుల మధ్యా మెత్తగా నలిపి, తొడిమ తీసి, మోచేతి దాకా కారుతుంటే జుర్రుకోవాలి. పండుని తూకం వెయ్యొచ్చు గాని, ఆ సుఖాన్ని చూపించే కాటా ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదు.

మన పెద్దలు గడుసువాళ్ళు. మామిడిపండులో ఉన్నదానికీ, పాటలోనూ పద్యంలోనూ ఆటలోనూ ఉన్నదానికీ ఒకటే మాట వాడుకున్నారు. రసం! అంచేత నాకో అనుమానం. మన బడులు కలెక్టరు కాయల తోటలైపోయాయా అని. లెక్కకొచ్చేది, తూకానికి నిలిచేది, దూరప్రయాణానికి ఆగేది పండిస్తున్నాం. రసానికి అందులో చోటు లేదు.

పేరెందుకు గాని, ఒక హైస్కూల్లో గోడకి అంటించిన టైంటేబులు చూశాను. శుక్రవారం ఆఖరి పీరియడుకి ‘డ్రాయింగు’ అని అందంగా అచ్చుకొట్టి ఉంది. దాని పక్కనే పెన్సిలుతో ‘లెక్కలు’ అని ఉంది. అచ్చు పైవాళ్ళు వచ్చినప్పుడు చూడ్డానికి, పెన్సిలు పిల్లలకి. డ్రాయింగు మేష్టారున్న బడుల్లో మాత్రం ఆయన సుఖంగా ఉన్నాడా? పంద్రాగస్టుకి గేటు మీద ‘సుస్వాగతం’ ఆయనే రాయాలి. సైన్సు మేష్టారి చార్టులో గుండెకాయ ఆయనే గియ్యాలి. ఎవరైనా సెలవు పెడితే ఆ క్లాసుకి ఆయనే వెళ్ళాలి. బొమ్మ నేర్పడం ఒక్కటే ఆయన్ని ఎవరూ అడగని పని.

దీనికి అమ్మానాన్నల నోట ఓ సమాధానం సిద్ధంగా ఉంటుంది. “బొమ్మలు గీస్తే బువ్వ పెడతాయా?” అని. ఇది తీసిపారేసే మాట కాదు. 2008లో మా నూజివీడుకి ట్రిపుల్ ఐటీ వచ్చింది. పల్లెటూరి పిల్లలు పదో తరగతి మార్కుల మీద అందులో చేరి ఇంజనీర్లవుతున్నారు. కౌలురైతు కూతురు కంప్యూటరు ముందు కూర్చుంది. ఇంతకన్నా గొప్ప సంగతి ఏముంది? అయితే ఆ గుమ్మం దాటించే 600 మార్కుల్లో బొమ్మకి గాని పాటకి గాని ఒక్క మార్కు లేదు. తండ్రి లెక్క తండ్రికుంది. మార్కు లేనిదాని మీద గంట ఎందుకు ఖర్చు పెట్టాలి? పేదవాడికి ఆ లెక్క తప్పని నేననను. అందుకే, ఆ గంట ఖర్చు తండ్రి మీద పడకుండా సర్కారు భరించాలంటాను.

సర్కారు ఎందుకు భరించాలి? అసలు ప్రశ్న ఇది. రోడ్లున్నాయి, ఆస్పత్రులున్నాయి, కురిసే స్కూలు కప్పులున్నాయి. ఇవన్నీ వదిలి పాటలకీ బొమ్మలకీ డబ్బు పెట్టడం ప్రభుత్వం బాధ్యతా, సరదానా?

బాధ్యతే అని నా మనవి. బాధ్యత కూడా కాదు, బాకీ. ఎలాగో చెబుతాను.

నూజివీడు జమీందారీ ఊరు. కోట ఉండేది, కొలువు ఉండేది. ఆ రోజుల నుంచే ఇక్కడ వీణలు చెయ్యడం ఒక వృత్తి. మామిడి ఊళ్ళో వీణకి కావలసింది పనస కర్ర. కుండ తొలిచి, దండి నిలబెట్టి, మైనం మీద ఇరవైనాలుగు మెట్లూ శ్రుతికి సరిగ్గా పొదగాలి. ఒక్క మెట్టు వెంట్రుకవాసి జరిగినా రాగం మొహం మారిపోతుంది. సరస్వతీదేవి చేతిలోని ఆ వీణని మా ఊళ్ళో తరతరాలుగా తీర్చిదిద్దుతున్నవాళ్ళు ముస్లిములు. ఈ సంగతి మా ఊరివాళ్ళకి మామూలు. బయటివాళ్ళకి చెబితే ఒక్క క్షణం ఆగి చూస్తారు.

1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చింది. జమీందారీలు పోయాయి. పోవలసిందే, సందేహం లేదు. కాని ఆ చట్టం భూముల గురించి, శిస్తుల గురించి, పరిహారాల గురించి. వీణల గురించి కాదు. ఊళ్ళో ఎవరైనా పెద్దాయన పోతే, ఆస్తి తీసుకున్న వారసుడు ఆయన చేసిన అప్పు కూడా తీర్చాలి. పొలం నాది, అప్పు నాది కాదంటే పంచాయతీ ఒప్పుకోదు. జమీందారు స్థానంలోకి వచ్చినవాడు ఎవరు? సర్కారు. శిస్తు తనకి జమ అయినప్పుడు, వైణికుడి పోషణ, కవి పోషణ, నాట్యకత్తె పోషణ ఎవరి ఖాతాలో పడాలి?

ఆ అప్పుని మర్యాదగా తీర్చిన చోటు లేకపోలేదు. విజయనగరం మహారాజు 1919లో సంగీత కళాశాల పెట్టించారు. కొలువులోని ఒక ఉద్యోగికి చూపులేని కొడుకుంటే, వాడికి సంగీతం చెప్పించాలన్న ఆలోచన దానికి మూలమని చెబుతారు. ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలు. ఆయన తరవాత ద్వారం వెంకటస్వామినాయుడుగారు. మా గుడివాడ పక్క చౌటపల్లి నుంచి వెళ్ళిన ఘంటసాల వెంకటేశ్వరరావు మధూకరం ఎత్తుకుని బతుకుతూ సంగీతం నేర్చుకున్నది ఆ ఊళ్ళోనే. రాజులు వెళ్ళిపోయినా ఆ కాలేజీ మూతపడలేదు. ప్రభుత్వ సంగీత కళాశాలగా ఇప్పటికీ నడుస్తోంది. ఒక్క పిల్లవాడి కోసం తెరిచిన తలుపులోంచి ఎంతమంది వెళ్ళారో చూడండి.

అయితే జమీందార్ల పోషణలో ఓ లోటుంది. వీణ కోటలో మోగింది. ఆ వీణ ఖర్చుకి శిస్తు కట్టిన రైతు కొడుకు దాన్ని వినలేదు. ప్రజల ప్రభుత్వం అప్పు తీర్చేటప్పుడు ఆ లోటు కూడా పూడ్చాలి కదా? మనవాళ్ళు ఎక్కువగా జమీందారు పద్ధతిలోనే తీర్చారు. శాలువా, సన్మానపత్రం, ఉత్సవం, బిరుదు. 1957లో సాహిత్య అకాడమీ వచ్చింది, దాని వెంట సంగీత నాటక, లలితకళా అకాడమీలు వచ్చాయి. 1983లో వాటన్నిటినీ రద్దు చేశారు. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం పుట్టింది. ఇవి మంచివా చెడ్డవా అన్న తగాదా నాకొద్దు. నాకు కనిపించేది ఒక్కటే. పైన కట్టిన మేడని ఒక్క కాగితంతో దించెయ్యొచ్చు. ఊరూరా బడిలో వేళ్ళు దిగినదాన్ని పీకాలంటే చాలామంది చేతులు కావాలి.

“కళాకారులు బడిలో తయారవుతారుటయ్యా? అది పుట్టుకతో రావాలి” అంటాడు నా మిత్రుడొకాయన. ఆయనకి దామెర్ల రామారావు కథ చెబుతుంటాను. రాజమండ్రి ప్రభుత్వ కాలేజీకి 1909 నుంచి పదేళ్ళు ఆస్వాల్డ్ కూల్డ్రే అనే దొర ప్రిన్సిపాలు. ఆయనా సర్కారు జీతగాడే. కుర్రవాడైన రామారావు బొమ్మలు చూశాడు. తన దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పాడు. 1916లో బొంబాయి జె.జె. స్కూలుకి వెళ్ళేలా చేశాడు. అడివి బాపిరాజుగారు కూడా ఆ దొర శిష్యుడే. 1925లో, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే రామారావు పోయాడు. ఆ కాస్త కాలంలో గీసినవే మనకి మిగిలాయి. ప్రతిభ పుట్టుకతో వస్తే రావచ్చు, దాన్ని చూసే కన్ను మాత్రం బడిలో ఉండాలి. రామారావుకి దొర దొరికాడు కనక ఆయన పేరు మనకి తెలుసు. దొరకనివాళ్ళ పేర్లు ఏ మ్యూజియంలో వెతుకుతాం?

చట్టానికి ఈ ఇంగితం లేకపోలేదు. 2009 విద్యాహక్కు చట్టంలో ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు నూరుమందికి మించిన చోట కళలు నేర్పే పార్ట్‌టైం బోధకుణ్ణి పెట్టాలని ఉంది. సంతోషం. కాని నూరుమందే ఉన్న బడికి ఆ మాట లేదు. నూటొకటో పిల్ల వచ్చి చేరితే గాని మిగతా నూరుమందికీ బొమ్మ మీద హక్కు రాదన్నమాట! చిన్న పల్లెకి చిన్న బడి, చిన్న బడికి కళ అక్కర్లేదా? 2020 జాతీయ విద్యా విధానం కళలకీ శాస్త్రాలకీ మధ్య గోడ ఉండకూడదంది. కాగితం మీద గోడ కూలింది. టైంటేబులు మీద పెన్సిలు గీత మాత్రం అలాగే ఉంది.

సరే, రేపే సర్కారు దిగివచ్చి, “ఇదిగో డబ్బు” అందనుకోండి. అప్పుడు నాకు రెండు భయాలు.

మొదటిది, డబ్బిచ్చినవాడి పాట పాడవలసి రావడం. మంత్రిగారు వస్తున్నారంటే పిల్లలకి రంగుబట్టలు వేసి, ఎండలో నిలబెట్టి, పథకాల మీద పాట కట్టి ఆడించడం మనం చూడని వింత కాదు. వెనిజులా దేశంలో 1975లో అబ్రూ అనే ఆయన ఓ గ్యారేజీలో పదకొండుమంది పిల్లలతో వాద్యబృందం మొదలెట్టాడు. ప్రభుత్వాలు మారినా సాయం ఆగలేదు. మురికివాడల పిల్లలు లక్షల్లో వయొలిన్లు పట్టారు. అంత గొప్ప పనికీ దిష్టి తగిలింది. 2017లో ఆ బడిలోంచి వచ్చిన సంగీత నిర్వాహకుడు డుడమెల్ దేశాధ్యక్షుణ్ణి విమర్శించేసరికి, యువ బృందంతో ఆయన వెళ్ళవలసిన అమెరికా పర్యటన రద్దయింది. తోటకి నీళ్ళు పెట్టినవాడు కోకిలని ఫలానా రాగమే పాడమనకూడదు. ఈ కట్టడి రాసిచ్చాకే డబ్బు తీసుకోవాలి.

రెండో భయం మార్కులు. కళకి విలువ రావాలంటే దాన్నీ పరీక్షలో పెట్టాలని కొందరి వాదన. పెట్టి చూడండి! నెల తిరక్కుండా ‘బొమ్మల గైడు’ బజారులోకి వస్తుంది. ‘తప్పక వచ్చే నెమలి’ అని నాలుగు నెమళ్ళు బట్టీ పట్టిస్తారు. మామిడి తోటవాళ్ళకి ఈ సంగతి చెప్పక్కర్లేదు. అంటు కడితే తల్లి చెట్టు కాయే కాస్తుంది. టెంక పాతితే ఏం కాస్తుందో బ్రహ్మకైనా తెలీదు. వ్యాపారానికి అంటే మంచిది. కాని ఈ పేరున్న పాత రకాలన్నీ ఒకప్పుడు ఎవరి గట్టు మీదో టెంక నుంచి లేచిన చెట్లే. ఎవరో దాన్ని నరక్కుండా ఊరుకున్నారు, కాసిందాకా ఆగారు, కాయ కొరికి చూశారు. వారంలో రెండు పీరియడ్లు పిల్లల్ని అలా టెంకలా మొలవనిస్తే చాలు. మార్కులొద్దు, ర్యాంకులొద్దు.

ఖర్చంటారా? గురువుల కోసం దూరం వెళ్ళక్కర్లేదు. 2022లో జిల్లాలు పంచుకున్నప్పుడు నూజివీడు ఏలూరుకి పోయింది, కొండపల్లి ఎన్టీఆర్ జిల్లాకి పోయింది, కూచిపూడీ పెడనా కృష్ణాలో ఉండిపోయాయి. ఒకప్పుడు ఇవన్నీ ఒకే జిల్లా. తెల్లపొణికి కర్రతో బొమ్మ చేసేవాడు, అద్దకం అద్దేవాడు, అడుగు నేర్పేవాడు, వీణ బిగించేవాడు, అందరూ బస్సు దూరంలోనే. వాళ్ళని వారానికో రోజు బడికి పిలిచి, గౌరవంగా జీతమిచ్చి, పిల్లల మధ్య కూర్చోబెడితే? డిగ్రీ లేదని ఫైలు అడ్డం పడుతుందేమో. నూజివీడులో మామిడికి పరిశోధన కేంద్రమే పెట్టిన ప్రభుత్వానికి, పిల్లల కోసం ఒక ఫైలు కదపడం కష్టమా?

ఇంతా చేస్తే ఎంతమంది కళాకారులవుతారు? నూటికి ఒకరు కూడా కాకపోవచ్చు. ఫరవాలేదు. వీణ చేసేవాడికి ఇవాళ ముందు కావలసింది ఇంకో వీణ చేసేవాడు కాదు. కొనేవాడు, వాయించేవాడు, వినేవాడు. ఆరో తరగతిలో ఒక్కసారి తీగ మీటి, ఆ నాదం వేలికొస నుంచి గుండెదాకా పోవడం ఎరిగిన పిల్ల, రేపు ఇంజనీరైనా, గుమాస్తా అయినా, తోట కాపలా కాసినా, యాభై ఏళ్ళపాటు వింటుంది. ఆ చెవి ముసలిదయ్యేదాకా దాని మీద వీణ బతుకుతుంది.

పనస చెట్టు ఉంది. కర్ర తొలిచే చెయ్యీ ఇంకా ఉంది. చెవులు తయారు చెయ్యడం మాత్రం సర్కారు వంతు. జమీందారు ఖాతాలోంచి 1948 నుంచి మోస్తూ వస్తున్న ఆ బాకీని శాలువాలతో కాకుండా, పీరియడ్లతో తీర్చమనే నేనడిగేది.