మోటుపల్లి త్రోవ

వానమబ్బునకై కన్నులు కాయలు కాయు మన కడప సీమ కుటుంబములు, పిల్లలతోడను పులిహోర మూటలతోడను కారెక్కి, సిద్ధవటము, బద్వేలు, నెల్లూరు, ఒంగోలు గడచి చీరాల చేరి, వాడరేవున సముద్రస్నానమాడి తృప్తిగా మరలుట కలదు. అయినను ఆ తీరముననే యున్న మోటుపల్లిని చూడకుండుట లోపమని నా అభిప్రాయము.

అచ్చటి ప్రాచీన వీరభద్రాలయ స్తంభముపై 1244 నాటి గణపతిదేవుని అభయశాసనమున్నది. తుపానుచే ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వరాజులు బలాత్కారముగా హరించుచుండగా, సముద్రమునకు ప్రాణమొడ్డు వర్తకునికి ధనము ప్రాణాధికమని యెరిగిన ఆ కాకతీయప్రభువు, నియత సుంకము తప్ప తక్కినదంతయు వారికే విడిచెను. తరువాత మార్కోపోలో ఈ రాజ్యపు సన్నని వస్త్రములను సాలెగూటితో పోల్చి మెచ్చెను. పిల్లలు గవ్వల నేరుకొందురేని కానిండు. శాసనకథను తిరుగుదారిలో పెద్దలు చెప్పవచ్చును, త్రోవ దీర్ఘమే కదా!