ఎండిపోయిన కండెన్సరు

ధ్యాన భాగము: కీర్తనలు 32:3–5



కర్నూలు ప్రక్కనున్న మన కల్లూరు ప్రాంతమందు వేసవి యెండ ఎట్టిదో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. హంద్రీలో ఇసుక తేలును; బావులు అడుగంటును. వేడికి ఎండునవి నేలయు నీళ్లును మాత్రమే కావు. మన యౌవనస్థులు తీరిక వేళల ముచ్చటపడి కూర్చుకొను చిన్న ఆంప్లిఫయరులో సహితము ఎండిపోవు వస్తువొకటి కలదు. దానిని మెకానిక్కులు కండెన్సరు అందురు.

దాని పని యేమి? మన యిండ్లకు వచ్చు కరెంటు సెకనుకు 50 మారులు అటునిటు ఊగుచుండును. డయోడులు దానిని ఒకే దిక్కునకు మళ్లించినను, అది సెకనుకు 100 మారులు పొంగుచు తగ్గుచు ఉండును. పొంగినప్పుడు కండెన్సరు నింపుకొనును. తగ్గినప్పుడు విడిచి లోటు తీర్చును. ఐగుప్తులో యోసేపు సమృద్ధినాటి ధాన్యము కూర్చి కరవునాడు పంచినట్లే (ఆదికాండము 41) యిదియు చేయుచున్నది. దానిలోపల కొంత తడి యున్నది. ఏండ్ల తరబడి వేడికి ఆ తడి ఆరిపోగా, అది చాలినంత నింపుకొనలేదు, ఇయ్యలేదు. అప్పుడు పాటతోకూడ గుయ్యిమను మ్రోత వినబడును.

దావీదు తన పాపమును దాచుకొని మౌనముగా నున్న దినములలో తన జీవపు తడి వేసవిలోవలె ఎండిపోయెనని చెప్పుచున్నాడు. మనమును ఆరాధనకు వచ్చుచున్నాము, పాడుచున్నాము. అయితే పాట క్రింద ఏ మ్రోత యున్నది? అన్నదమ్ముల పగయా? రహస్యమైన త్రాగుడా? ఎగవేసిన అప్పా? ఎంత గట్టిగా పాడినను ఆ మ్రోత పోదు.

బాగుచేయువాడు పెట్టెను పారవేయడు. మొదట కరెంటు తీసివేసి, పాత కండెన్సరులో నిలిచియున్న కరెంటును సహితము పోగొట్టును. తీగ ఊడదీసినను అది కొట్టగలదు. సోల్డరు కరగించి పాతదానిని తీసి, అన్నే మైక్రోఫారడులు గలిగి, వోల్టులలో తక్కువకాని క్రొత్తదానిని తెచ్చును. చార యున్న వైపు మైనసు అని చూచి పెట్టును. తారుమారుగా పెట్టినయెడల అది పగిలిపోవచ్చును.

తెలివిగల పనివాడు ఇంకొకటి విచారించును: పాతది ఏల ఎండెను? వేడెక్కు ట్రాన్సిస్టరు ప్రక్కనే దానిని పెట్టియుండిరేమో. వేడి 10 డిగ్రీలు పెరిగినచో ఆయువు ఇంచుమించు సగమగునని పనివారి లెక్క. చోటు మార్చనియెడల క్రొత్తదియు ఎండును.

సంఘ పెద్దలారా, ఇది మనకొరకే. తప్పిపోయిన యౌవనుని వెలివేయుట సుళువు. మనుష్యుడు పారవేయదగిన వస్తువు కాడు. తీసివేయవలసినది రాతిగుండె; దాని చోట మాంసపు గుండెను ఇచ్చువాడు దేవుడు (యెహెజ్కేలు 36:26). అది ఆయన పని. వేడి తగ్గించుట మన పని. వానలు లేక సుగ్గికి పోయి, అక్కడ ఒంటరియై త్రాగుడు నేర్చినవానికొరకు ఒక్క పూట ప్రార్థించి, మరల ఆ త్రాగుడు స్నేహితులమధ్యనే విడిచి, ఏల మారలేదని అడుగుదుమా? ఊడ్చి ఖాళీగా విడిచిన యింటికి అపవిత్రాత్మ మరి యేడింటిని తోడుకొని వచ్చునని ప్రభువు హెచ్చరించలేదా (మత్తయి 12:43–45)?

కాబట్టి ఈ నెల అట్టివాని యొకని యింటికి వెళ్లుదము. తీర్పు తీర్చక కూర్చుండి, అతడు ఏ వేడిలో నున్నాడో విందము. మన మ్రోతను మనము దాచక దేవుని యెదుట ఒప్పుకొందము. ఒప్పుకొనిన దావీదును క్షమించిన దేవుడు మనలను త్రోసివేయడు. ఆమేన్.