చూచుటయు నెరుగుటయు

మన యిండ్లలో నీ మధ్య నొక మాట తరచుగా వినబడుచున్నది: "స్కానింగు తీయించినాము." ఎవరికి తీయించితిరని యడిగిన నిల్లాలు చెప్పగలదు. ఏల తీయించితిరన్నను చెప్పగలదు. అందేమి తేలినదని యడిగినచో మాత్రము, "ఏదో వాపన్నారండీ, కాగితం ఆయన దగ్గరుంది" అనును. తన కడుపులోని సంగతి తనకు దక్క నందరికిని తెలిసియుండుట న్యాయమా? నేడు చదువరుల ముందుంచదలచిన ప్రశ్న మిదియే.

గడచిన మిరపకోతల కాలమున మా బంధువులలో నొకామె వెంట గుంటూరు పోయితిని. ఆమెది పల్నాటి పల్లె, వయస్సు ముప్పదియారు, ఇద్దరు బిడ్డల తల్లి. ఏడాదిగా తెల్లబట్టయు నడుమునొప్పియు బాధించుచున్నను, పత్తితీతలు కానిమ్మని కొన్నాళ్లు, కాయకోతలు కానిమ్మని కొన్నాళ్లు గడపినది. తుదకొక ప్రైవేటు స్కానింగు కేంద్రమునకు వచ్చితిమి. మూత్రాశయము నిండియున్నగాని పొత్తికడుపులోని యవయవములు పైనుండి తేటగా కనబడవు గనుక, సీసాలకొలది నీరు త్రాగి, గంటన్నర బల్లపై బిగబట్టుకొని కూర్చున్నది. పరీక్ష పది నిమిషములు పట్టలేదు. కాగితము గుమ్మమున నిలిచిన భర్త చేతికి వచ్చినది. దానిని చూచిన వైద్యుడును భర్తతోనే మాటలాడి, "గర్భసంచి పెద్దదైంది, చిన్న గడ్డ కూడా ఉంది, తీయించేస్తే మంచిది" అనెను. ఆమె ప్రక్కనే యున్నది. ఆమెను ప్రశ్నించినవారు లేరు. తిరిగి వచ్చునపుడు బస్సులో నన్నడిగినది: "అక్కా, అందరూ చూశారు గదా, నాలో ఏం కనబడిందంట?"

ఆ మాట నన్ను నేటికిని విడువలేదు.

ఈ యంత్రము పుట్టుక తెలిసినవారికి దాని నిట్లు వాడుట మరింత వింతగా తోచును. మన చెవికి వినరానంత హెచ్చు ధ్వనితరంగములను శరీరములోనికి పంపి, తిరిగివచ్చు ప్రతిధ్వనులను బొమ్మగా మార్చుట దీని పని. ఎక్స్‌రే కిరణముల ప్రమేయ మిందులో లేదు. 1955లో గ్లాస్గో నగరపు స్త్రీవైద్యాచార్యుడు అయాన్ డొనాల్డు, లోహములందలి పగుళ్లను కనిపెట్టుటకై యొక కార్ఖానాలో నుంచిన యంత్రము నొద్దకు, శస్త్రచికిత్సలో తీసిన కంతులను కొనిపోయి పరీక్షించి చూచెను. 1958లో నాతడును సహచరులును తమ ఫలితములను లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. కడుపులో క్యాన్సరు ముదిరినదని తలపబడిన యొక స్త్రీకి, అది అండాశయమున పెరిగిన నీటితిత్తి యని యీ పరీక్షయే తెలిపినది. దానిని తీసివేయగా నామె కోలుకొన్నది. తొందరపడి చెప్పిన తీర్పును సరిదిద్దుట చేతనే యీ సాధనమునకు తొలి ఖ్యాతి వచ్చినది. మనయొద్ద నదియే తొందర తీర్పునకు ముద్రగా మారినది!

బొమ్మ యబద్ధమాడదు. కాని యడిగిన ప్రశ్నకెల్ల బదులును చెప్పదు. ముప్పది, నలుబది యేండ్ల స్త్రీలలో గర్భాశయపు కంతులు మిక్కిలి సామాన్యము; వానిలో పెక్కింటికి చికిత్సయే యక్కరలేదు. అండాశయముపై కనబడు నీటిబుడగలలో ననేకములు కొద్ది నెలలలో తామే కరగిపోవును. తెల్లబట్టకు మూలమైన సూక్ష్మక్రిములను స్కానింగు చూపదు. గర్భాశయముఖమున తొలిదశలో నున్న క్యాన్సరును చూపదు. దానికి వేరు పరీక్షలు గలవు. ఇంత చెప్పినందున నెవరును స్కానింగే వలదని యనుకొనరాదు. ముట్లుడిగిన పిమ్మట మరల రక్తము కనబడిన స్త్రీ సిగ్గుచేతనో ఖర్చుచేతనో యాలస్యము చేయుట ప్రాణాపాయము. నేననునది వేరు: కనబడినదెల్ల రోగము కాదు, రోగమెల్ల కోతకు తగినది కాదు.

మన భాషయు నిందు కొంత దోషము చేసినదని నా యనుమానము. గర్భాశయమును మనము "గర్భసంచి" యందుము. సంచి యనగా నిండువరకు విలువ గలది, ఖాళీ యైన పిమ్మట మూల పడవేయదగినది. ఇద్దరు బిడ్డలు కలిగి, కుటుంబనియంత్రణ శస్త్రచికిత్స యైన వెనుక, "ఇక దానితో ఏం పని?" అను ప్రశ్న యత్తగారి నోట, ఒక్కొక్కప్పుడు వైద్యుని నోటను వచ్చుట కా పదమే దారి తీయుచున్నది. గుంటూరు మిరపయార్డులో వర్తకుడు టిక్కీ విప్పి, గుప్పెడు కాయలు తీసి, రంగును తొడిమను చూచి ధర చెప్పును. టిక్కీ నెవరును మాటాడించరు.

2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో గర్భాశయము తీయించుకొన్నవారు దేశమంతటను నూటికి 3.2 మంది, ఆంధ్రప్రదేశమున 8.9 మంది. ఏ యితర రాష్ట్రమునను నింత లేదు. ఇవన్నియు ననవసరమైన కోతలని యనుట యన్యాయము. రక్తస్రావముచే క్షీణించి, మందులకు లొంగక, శస్త్రచికిత్సచే తెరపిపడినవారు గలరు. కాని మన స్త్రీల గర్భాశయములు దేశమందలి తక్కిన స్త్రీల వానికంటె రెండింతలకు మించి రోగపీడితములని నమ్ముట నాకు సాధ్యము కాదు.

ఇచట నొక బలమైన యాక్షేపణ గలదు. "తీయించేయమని వారే అడుగుచున్నారు గదా" యందురు. నిజమే. మా బంధువురాలును మొదట నదియే యన్నది: "పోనీ అక్కా, పీడా వదులుతుంది." కోతల రోజులలో నెలసరి వచ్చిన, చేని గట్టున మరుగు దొరకదు, పని మానిన కూలి పోవును. అట్టి యామెకు ముట్టే యొక పన్ను. ఆమె కోరిక నవివేక మనుట కడుపు నిండినవారి మాట. అయినను, అండాశయములను గూడ చిన్నతనముననే తీసివేసిన ముట్లు ఒక్కసారిగా నుడిగి, యెముకలు బలహీనపడి, గుండెజబ్బు భయము హెచ్చునని యామెకు చెప్పినవారెవరు? మాత్రలతో నయమగు దారి గలదని చెప్పినవారెవరు? రెండవ దారి యున్నట్లే తెలియనివాడు మొదటి దారిని "ఎన్నుకొనెను" అనుట మాటల గారడీ.

చట్ట మీ విషయమున మనకంటె ముందున్నది. ఒక స్త్రీ పరీక్షకై మత్తులో నుండగా, ఆమె తల్లి సమ్మతి గైకొని వైద్యులు గర్భాశయమును అండాశయములను తీసివేసిరి. ఆ సమీరా కోహ్లీ వ్యాజ్యమున 2008 జనవరి 16న సుప్రీంకోర్టు, పరీక్షకిచ్చిన సమ్మతి చికిత్సకు చెల్లదనియు, వయస్సు వచ్చి తెలివి గల స్త్రీకి బదులుగా తల్లియైనను సమ్మతింపజాలదనియు తీర్పు చెప్పెను. కన్నతల్లికి లేని యధికారము భర్తకును, అత్తకును, కాగితము మోసిన మరదికిని యెచటనుండి వచ్చినది?

ప్రతి స్కానింగు కేంద్రమునను, పుట్టబోవు శిశువు లింగము తెలుపబడదని బోర్డు కట్టియుండును. 1994 నాటి చట్ట మట్లు విధించినది. చెప్పరానిది గోడమీద వ్రాసితిమి. చెప్పితీరవలసినదాని నే గోడమీదను వ్రాయలేదు.

పరపురుషునకు రోగము చూపుటకు జంకు స్త్రీలున్న కాలమున, 1883లో గుంటూరు వచ్చిన అన్నా కుగ్లరు అను వైద్యురాలు వారికై 1898లో నాసుపత్రి తెరచినది. స్త్రీకి వైద్యురాలు కావలెనన్న నాటి సంస్కర్తల వాదము చాలవరకు నెగ్గినది. వైద్యురాలైనను భర్తవంక చూచియే మాటలాడునపుడు మాత్ర మా గెలుపు సగమే.

నెల గడచిన పిమ్మట మా బంధువురాలిని మరియొక వైద్యురాలికి చూపితిమి. ఆమె భర్తను బయట కూర్చుండుమని, "నీకేం బాధగా ఉందో నువ్వే చెప్పమ్మా" అనెను. సంగతి క్రిములది, మందులు దంపతు లిద్దరును వాడవలెననెను. కంతి రెండు సెంటీమీటర్లకు మించలేదు. ఆరు నెలలకు మరల చూతమనెను. అతడు మందులు వాడుటకు పది దినములు గింజుకొనెను గాని, వాడెను.

ఆ స్కానింగు కాగిత మిపుడు పొలము పాసుపుస్తకముతో పాటు ట్రంకుపెట్టెలో నున్నది. తాళపుచెవి యామె కొంగున నున్నది.