ఆసనమునకు తగిన వస్త్రము

భగవద్గీత ఆఱవ అధ్యాయమున యోగి కూర్చుండు పీఠమునకు దర్భలు, వానిపై అజినము, ఆపై వస్త్రము పఱవవలెనని విధింపబడినది గాని, ఆ యోగి తాను ఏమి కట్టుకొనవలెనో ఒక్క మాటయైన లేదు. పతంజలియు ఆసనము స్థిరముగను సుఖముగను ఉండవలెనని చెప్పి ఊరకుండెను. సుఖమును కోరుట భోగాసక్తి కాదా యని శంకించువారు కలరు. దేహమును మఱచుటకై కూర్చున్నవానికి కట్టిన బట్టయే మాటిమాటికి దేహమును జ్ఞప్తికి దెచ్చుచుండినచో, ఆ బాధను తొలగించుకొనుట భోగమెట్లగునో నాకు తెలియదు.

గుంటూరు నల్లరేగడిలో ప్రత్తి పండించుకొను మనము ఇందులకై దూరము పోనక్కఱలేదు. వైశాఖమున ప్రొద్దు పొడవకమునుపే ఒడలు చెమర్చు ఈ సీమలో నైలాను చొక్కా వీపునకు జిగురువలె అంటుకొనును; మంగళగిరి మగ్గముపై నేసి, పదిమార్లు ఉతుకగా మెత్తబడిన నూలుబట్ట ఆ చెమటను పీల్చి గాలికి ఆఱును. అయినను పంచెకు దోషము లేకపోలేదు. పశ్చిమోత్తానాసనమున ముందునకు వంగినపుడు బొడ్డువద్ద దోపిన కుచ్చెళ్ళు కడుపులో ఒత్తుకొనును. సర్వాంగాసనమున కాళ్ళెత్తగనే వదులుపంచె మోకాళ్ళు దాటి మొగముమీదికే దిగివచ్చును! గోచి బిగించినవాడును, బొందుముడిని ప్రక్కకు జరిపి పైజామా తొడిగినవాడును ఈ అవస్థ నెఱుగరు. కాషాయపు రంగుకొఱకై అంగళ్ళు తిరుగువారిని చూచినపుడు మాత్రము నాకు నవ్వు వచ్చును.

మిర్చి యార్డునుండి వచ్చిన బట్టలతోనే ప్రాణాయామమునకు కూర్చుండరాదు. పూరకము నిండకమునుపే వచ్చు తుమ్ము ఏ కుంభకమునకును లొంగదు.