ఇంటి అప్పు, ఇల్లాలి ధీమా

సుఖంగా ఉండేదెవరని యక్షుడు అడిగితే ధర్మరాజు రాజ్యం ఊసెత్తలేదు. పొద్దుపోయాకైనా సొంతింట్లో ఇంత కూర వండుకు తినేవాడు, అప్పు లేనివాడు, పొరుగూరు పోయి బతకనక్కరలేనివాడు సుఖి అన్నాడు. అరణ్యపర్వంలోని ఈ జవాబు మన ఉద్దానం వైపు వారికి గుండెలో గుచ్చుకుంటుంది. ఇక్కడ ఎన్నో ఇళ్లు లేచిందే అప్పుతోనూ వలసతోనూ. ఇంటాయన గల్ఫ్‌లోనో చెన్నైలోనో, ఇల్లు కోటబొమ్మాళిలోనో టెక్కలిలోనో, పత్రాలు బ్యాంకులో.

2025 ఫిబ్రవరి నుంచి రిజర్వు బ్యాంకు రెపో రేటు దించుతూ వచ్చాక, ఈ ఇళ్లలో అప్పును వేరే బ్యాంకుకు మార్చుకునే ఆలోచన మొదలైంది. ఇరవై లక్షల అప్పు, ఇరవై ఏళ్ల గడువు అనుకుంటే, వడ్డీ 9 నుంచి 8 శాతానికి దిగినప్పుడు వాయిదా నెలకు సుమారు 1,266 రూపాయలు తగ్గుతుంది. ఫ్లోటింగ్ వడ్డీ ఇంటి అప్పును ముందే తీర్చినా జరిమానా వేయకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే బ్యాంకులకు చెప్పింది. మార్చుకోవడంలో తప్పేమీ లేదు.

అయితే దాని వెంట ఇంకో ఆశ నడుస్తోంది. అప్పుతోపాటు అంటగట్టిన జీవిత బీమా కూడా వదిలిపోతుందని. ఆ బాధ నిజమైనదే. లక్ష రూపాయల ప్రీమియాన్ని అప్పులో కలిపేస్తే, 9 శాతం వడ్డీతో ఇరవై ఏళ్లకు దాదాపు 2,16,000 కట్టాలి. ఆ బీమా తీసుకుంటేనే అప్పు ఇవ్వాలన్న చట్టమూ లేదు. కానీ ఒకేసారి కట్టేసిన ప్రీమియం బ్యాంకు మారినంత మాత్రాన వెనక్కి రాదు. పాలసీ సరెండర్ చేస్తే మిగిలిన కాలానికి కొంత చేతికొస్తుంది, అంతే.

అమెరికాలో ఉన్న పిల్లలు ‘నేనూ తీయించేశాను నాన్నా’ అంటారు. అక్కడ తీయించేది అప్పిచ్చినవాడిని కాపాడే బీమా. అప్పు ఇంటి విలువలో 80 శాతానికి దిగితే తీసేయమని అడిగే హక్కు 1998 చట్టం ఇచ్చింది. ఇక్కడిది మనిషి పోతే ఇంటిమీది అప్పు తీర్చే బీమా. రెంటినీ ఒక గాటన కట్టకూడదు.

‘దేవుడున్నాడు, బీమా ఎందుకు’ అనేవారూ ఉన్నారు. ఎల్‌ఐసీ చిహ్నంలో రెండు చేతుల మధ్య దీపం కింద ఉన్న ‘యోగక్షేమం వహామ్యహం’ అన్న మాట గీత తొమ్మిదో అధ్యాయంలోదే. భగవంతుడు భారం మోస్తానన్నాడని మన భారం భార్య నెత్తిన పెట్టి పోవడం భక్తి కాదు. పితృ ఋణం తీర్చుకోవడం కొడుకు ధర్మమైతే, బ్యాంకు ఋణం కొడుకు మీదికి దిగకుండా చూడటం తండ్రి ధర్మం.

మన ప్రాంతంలో దీనికి ఇంకో బరువు ఉంది. ఉద్దానం కిడ్నీ వ్యాధి చాలాకాలం నొప్పి లేకుండానే లోపల పాకుతుంది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి తెరిచింది ఈ గోస వల్లనే. అప్పు తీసుకున్ననాడు ఆరోగ్యంగా ఉన్న మనిషి ఈరోజు కొత్త పాలసీకి వెళితే, పరీక్షలో క్రియాటినిన్ ఎక్కువ తేలవచ్చు, కంపెనీ కాదనవచ్చు. అప్పుడు ఆ ఇంటికి మిగిలేది పాత కాగితమే. అందుకే నా మాట: కొత్త టర్మ్ పాలసీ చేతికొచ్చాకే పాతది వదలండి. అది దొరకకపోతే, అప్పు తీరాకా గడువు వరకు కొనసాగించే వీలు పాత పాలసీలో ఉందేమో చదివి, ఉంటే ఉంచుకోండి. ఇంటి కట్టడానికి చేసిన బీమా జోలికి అసలు పోకండి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున విరుచుకుపడ్డ తిత్లీ తుపానును ఇక్కడెవరూ మరచిపోలేదు.

కోటబొమ్మాళి కొత్తమ్మతల్లికి మొక్కుకుని సంతకం పెట్టబోయేవారు ముందు ఇల్లాలిని పక్కన కూర్చోబెట్టుకోండి. అప్పు కాగితాల మీద ఆమె సంతకమూ ఉంటే, మీరు లేనినాడు బ్యాంకు మొదట అడిగేది ఆమెనే. పాలసీ ఎక్కడుందో, నామినీ ఎవరో ఆమెకు చూపించండి. అన్నీ విన్నాక ఆమె ‘ఉండనీయండి’ అంటే ఉండనీయండి.