చెరిపే బొట్టు, చెరగని బొట్టు

పెళ్ళయిన స్త్రీ తాళి వేసుకోవాలా అక్కర్లేదా అన్న చర్చ మా కాలేజీ స్టాఫ్ రూములో ఏడాదికి ఒకసారైనా వచ్చేది. మెడలో ఏమీ లేకుండా కొత్త లెక్చరర్ ఎవరో చేరినప్పుడు మొదలయ్యేది. ఒకరు సంప్రదాయం అనేవారు, ఒకరు భద్రత అనేవారు, ఇంకొకరు ఈ రోజుల్లో గొలుసు దొంగలకి భయపడి తీసేశానని నవ్వేవారు. చివరికి "ఎవరిష్టం వాళ్ళది" అనే మాట దగ్గర అందరం సర్దుకునేవాళ్ళం. నేనూ చాలా ఏళ్ళు ఆ మాటే అన్నాను. అయితే అది నిజంగా ఇష్టమేనా అని ఎప్పుడు ఆలోచించినా నాకు సీలేరు గుర్తొస్తుంది.

నేను పెరిగింది సీలేరులో. ఇప్పుడది అల్లూరి సీతారామరాజు జిల్లా, 2022కి ముందు విశాఖ జిల్లా. నర్సీపట్నం నుంచి చింతపల్లి, దారకొండ మీదుగా ఘాట్ రోడ్డులో ఎక్కి వెళ్ళాలి. నది అవతల ఒడిశా. 1960లలో ఎగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రం కట్టినప్పుడు మైదానాల నుంచి ఉద్యోగులు వచ్చారు, వాళ్ళతో కాలనీ వచ్చింది, కాలనీతో పేరంటాలూ వచ్చాయి. కొండల మధ్య కాలనీ ఆడవాళ్ళు శ్రావణ శుక్రవారాలు, అట్లతద్దులు, నోములు ఏ లోటూ లేకుండా చేసుకునేవారు. మా అమ్మ మెడలో రెండు పుస్తెలు, ఒకటి పుట్టింటివారిది, ఒకటి అత్తింటివారిది. నల్లపూసలు, మెట్టెలు, చేతినిండా మట్టిగాజులు.

మా ఇంటికి ఒక కోదు స్త్రీ వచ్చేది. చీపుళ్ళు, అడ్డాకులు, పసుపు కొమ్ములు తెచ్చి బియ్యమో ఉప్పో డబ్బో తీసుకునేది. ముక్కుకి మూడు ముక్కెరలు, మెడలో పూసల పేర్లు, నుదుటి మీదా బుగ్గల మీదా పచ్చబొట్టు గీతలు. మా అమ్మ ఆమెని అడిగిన మొదటి ప్రశ్న నాకింకా గుర్తుంది. "నీకు పెళ్ళయిందా? అయితే మెడలో ఏదీ?" ఆమె పడీ పడీ నవ్వింది. ముగ్గురు పిల్లల తల్లిని పట్టుకుని పెళ్ళయిందా అని అడుగుతున్నారని ఆ నవ్వు. మొదటి భర్త జ్వరంతో పోతే మళ్ళీ మనువాడిందట. మరి ఆ మొహం మీద గీతలేమిటి అంటే, "ఇది మొగుడు ఎట్టింది కాదమ్మా, సిన్నప్పుడు మాయమ్మ పొడిపించింది" అంది. సూదితో పొడిచి మసి అద్దుతుంటే ఏడ్చి పారిపోయిందట, పట్టుకొచ్చి మళ్ళీ పొడిపించారట. అయినా ఆ గీతలు ఆమె మొహానికి ఏ మగవాడూ రాకముందే వచ్చాయి. మొదటి భర్త పోయినప్పుడు అలాగే ఉన్నాయి, రెండో భర్త వచ్చినప్పుడూ అలాగే ఉన్నాయి.

నేను విశాఖలో డిగ్రీ చదువుతుండగా నాన్న పోయారు. పదోరోజు తెల్లవారకుండానే కాలనీ ఆడవాళ్ళు అమ్మని కూర్చోబెట్టారు. ఆఖరిసారి అని చెప్పి నిండుగా పసుపు పూశారు, పువ్వులు పెట్టారు, గాజులు తొడిగారు. తర్వాత ఒక్కొక్కటీ తీశారు. గాజులు పగిలిన చప్పుడుకి నేను పక్కగదిలో ఉలిక్కిపడ్డాను. తీసినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. వాళ్ళూ ఏడుస్తూనే తీశారు. పదేళ్ళు అమ్మతో కలిసి వాయనాలు ఇచ్చిపుచ్చుకున్నవాళ్ళే.

ఆ తర్వాతి వారం ఆమె మామూలుగానే పసుపు కొమ్ములు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. అమ్మని చూసి చాలాసేపు మాట్లాడలేదు. "ఆయన పోతే నీ మొకం ఎందుకు కడిగేశారమ్మా? నువ్వేటి తప్పు సేసినావని?" అంది. అమ్మ జవాబు చెప్పలేదు. ఆ పసుపు తీసుకోవాలో వద్దో తెలియక కొంగు చేతిలో పట్టుకుని నిలబడింది. పసుపు పండించేది ఆ కొండల్లోనే. చింతపల్లి, పాడేరు కొండల పసుపు మైదానాలకి దిగి మన శుభకార్యాలన్నిటికీ చేరుతుంది. పండించినామెకి మొగుడు చచ్చినా బతికినా అది పంటే. మా అమ్మకి మాత్రం అంతకు ముందు వారం నుంచే అది అంటరానిదయింది.

ఇంతవరకు చెప్పి ఆపేస్తే కొండల్లో స్త్రీ స్వేచ్ఛగా ఉందని, మైదానంలో బందీ అయిందని తేలిపోతుంది. అది నిజం కాదు. అక్కడ పెళ్ళికి మగపెళ్ళివారు ఓలి ఇస్తారు. భార్య ఇంకొకరితో వెళ్ళిపోతే ఆ కొత్తవాడు పాత భర్తకి తప్పు సొమ్ము కట్టుకోవాలి, ఎంత కట్టాలో పెద్దమనుషులు తేలుస్తారు. ఆమె విలువ లెక్కకట్టేదీ మగవాళ్ళే, పుచ్చుకునేదీ మగవాళ్ళే. భర్త తాగొచ్చి కొడితే పచ్చబొట్టు అడ్డం రాదు. ఆ పచ్చబొట్టయినా పసిపిల్ల ఒప్పుకుంటే పొడిచింది కాదు. పితృస్వామ్యానికి తాళి ఒక్కటే సాధనం కాదు, అది లేకుండా కూడా పని జరుపుకోగలదు. ఒక్క తేడా మాత్రం ఉంది. అక్కడ భర్త చావుని భార్య ఒంటి మీద రాయరు.

మన చర్చల్లో జారిపోయేది ఇదే అనుకుంటాను. తాళి వేసుకోవడం గురించి మాట్లాడతాం, తీయించడం గురించి మాట్లాడం. నాదే అనుకున్న నగని ఫలానా రోజున, ఫలానా వేళకి పదిమంది వచ్చి తీసేయగలిగితే అది ఎప్పుడైనా నాదయిందా? 1881 డిసెంబరు 11న వీరేశలింగం రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆనాటికి అది ఎంత సాహసమో మనకు తెలుసు. కానీ ఆ సంస్కరణ వితంతువుకి పసుపు కుంకుమలు తిరిగి ఇచ్చింది ఇంకొక భర్త ద్వారానే. పెళ్ళితో పనిలేకుండా బొట్టు ఆమెదే అనే మాట ఇంకా చాలాకాలం ఆగాల్సి వచ్చింది. మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హెర్వాడ్ గ్రామ పంచాయతీ భర్త పోయిన స్త్రీకి మంగళసూత్రం తెంచడం, గాజులు పగలగొట్టడం, కుంకుమ చెరపడం ఇక మానాలని తీర్మానించింది 2022 మేలో. అంటే వీరేశలింగం నుంచి అక్కడికి నూటనలభై ఏళ్ళు.

చట్టం ఏమంటుంది? 1955 నాటి హిందూ వివాహ చట్టం ఏడో సెక్షన్ ఇరుపక్షాలలో ఏ ఒకరి ఆచారం ప్రకారమైనా పెళ్ళి జరగవచ్చంటుంది, సప్తపది గురించి చెబుతుంది. పెళ్ళయ్యాక తాళి వేసుకుని తిరగాలని ఎక్కడా లేదు. షెడ్యూల్డ్ తెగలకైతే, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, ఆ చట్టమే వర్తించదు. అయినా 2020లో గౌహతి హైకోర్టు ఒక విడాకుల కేసులో భార్య శంఖా గాజులు, సిందూరం వద్దనడమంటే ఆ పెళ్ళినే ఒప్పుకోకపోవడం అంది. 2022లో మద్రాసు హైకోర్టు భార్య తాళి తీసేయడాన్ని తీవ్రమైన మానసిక హింసగా చూసింది, అయితే అదొక్కటే సరిపోదని మిగతా సాక్ష్యంతో కలిపి విడాకులు ఇచ్చింది. చట్టంలో లేనిదాన్ని న్యాయమూర్తులు స్త్రీ మెడలో చదివారు. భర్త ఒంటి మీద చదవడానికి ఏమీ లేదు కనుక అతని మనసులో ఏముందో అలా తెలుసుకునే వీలు లేదు.

కొన్నేళ్ళ కిందట మళ్ళీ సీలేరు వెళ్ళాను. ఆ పసుపు తెచ్చిన స్త్రీ లేదు. వాళ్ళ ఊళ్ళో వయసులో ఉన్న ఆడవాళ్ళ మొహాల మీద పచ్చబొట్లు లేవు. హాస్టల్లో తోటిపిల్లలు నవ్వుతారని తల్లులే మానేశారట. చాలామంది మెడల్లో నల్లపూసలూ పుస్తెలూ ఉన్నాయి. సంతలో కొన్నవి. అంగన్‌వాడీలో పనిచేసే ఒకమ్మాయిని ఇది మీ ఆచారమా అని అడిగాను. "కాదు మేడమ్. ఆస్పత్రికి పోయినా ఆఫీసుకి పోయినా ముందు మెడకేసే చూస్తారు. ఇది ఉంటే అమ్మా అంటారు, లేకపోతే ఏమే అంటారు" అంది.

నా దగ్గర జవాబు లేకపోయింది. ఎందుకంటే అప్పటికి నా మెడలో తాళి లేదు. అమ్మకి జరిగింది నాకు జరగకూడదని, ఒకరు తీసే రోజు రాకముందే నేనే తీసేశాను. నా భర్త ఏమీ అనలేదు. అమ్మ రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. అదొక ధైర్యమని చాలాకాలం అనుకున్నాను. కానీ నన్ను ఎవరూ "ఏమే" అనరు. నా కులం, నా ఉద్యోగం, నా ఇంగ్లీషు కలిసి తాళి చేసే పని చేసిపెడుతున్నాయి. ఆ అమ్మాయి పదిమంది చూపు కోసం వేసుకుంది, నేను ఆ చూపు నన్నేమీ చేయలేదు కనుక తీసేశాను. ఇద్దరినీ "ఎవరిష్టం వాళ్ళది" అనే ఒక్క మాటలో ఎలా కలపను?

అందుకని తాళి వేసుకున్న స్త్రీని ఎందుకు వేసుకున్నావని అడగడం మానేశాను. కొందరికది ప్రేమ. మా అమ్మకది తన పేరున ఉన్న ఒకే ఒక బంగారం, నా ఫీజుల కోసం రెండుసార్లు తాకట్టుకి వెళ్ళింది. అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. అది లేకపోతే ఆమెకి దక్కకుండా పోయేవి ఏమిటి? భర్త పోయిన మర్నాడు కూడా అది ఆమెదేనా? ఈ రెండింటికీ జవాబు చెప్పాల్సింది ఆమె కాదు. ఆస్పత్రిలో, ఆఫీసులో, కోర్టులో, పేరంటంలో ఆమె మెడ చూసి ఆమెతో ఎలా మాట్లాడాలో తేల్చుకునే మనమంతా చెప్పాలి. మా అమ్మ గాజులు తీసిన చేతులు కూడా ఆడవాళ్ళవే.

అమ్మకిప్పుడు డెబ్బై అయిదు దాటాయి, నా దగ్గరే ఉంటుంది. ఈమధ్య ఇంట్లో ఉన్నప్పుడు చిన్న స్టిక్కరు బొట్టు పెట్టుకుంటోంది. ఎప్పుడు మొదలుపెట్టిందో నేను గమనించలేదు, గమనించాక అడగలేదు. గుడికో, ఎవరింటికో బయల్దేరితే దాన్ని తీసి వీధి గదిలో అద్దానికి అంటించి వెళుతుంది. తిరిగొచ్చి చెప్పులు విప్పగానే మళ్ళీ పెట్టుకుంటుంది. పొద్దున్న ఆమె బయటికి వెళ్ళినప్పుడు ఆ అద్దంలో తల దువ్వుకుంటుంటే ఆ బొట్టు సరిగ్గా నా నుదుటి దగ్గరికి వచ్చింది. నేను కాస్త పక్కకి జరిగి దువ్వుకున్నాను. అది అమ్మది.