పేలాల కుట్టు

ధ్యానభాగము: కొలొస్సయులకు 3:12–15



జొన్న పేలాలు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో ఎరుగని యిల్లు లేదు. లేసు అల్లికలో ఆ పేలాల పేరుగల కుట్టు ఒకటి యున్నది. ఇంగ్లీషున దానిని పాప్‌కార్న్ స్టిచ్ అందురు. చదునైన అల్లికమీద అది పేలిన గింజవలె ఉబికి చేతికి తగులును.

పశ్చిమ గోదావరిలోని నరసాపురము ప్రాంతపు స్త్రీలు 19వ శతాబ్దములో మిషనరీల యొద్ద కొక్కెపు సూదితో లేసు అల్లుట నేర్చుకొనిరి. తల్లులు కుమార్తెలకు నేర్పిరి. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించెను. ఆ సూదితోనే ఈ కుట్టును వేయుదురు.

దీనిని నేర్చుకొను విధమును గమనించుడి. ఒకే కన్నులో ఐదు పొడవు కుట్లు వేయవలెను. అంతటితో ఆపినయెడల అవి విసనకర్రవలె విడివిడిగా పరచుకొనును గాని పైకి లేవవు. అప్పుడు చివరి ఉచ్చునుండి సూదిని తీసి, మొదటి కుట్టు తలలో ముందువైపునుండి గుచ్చి, విడిచిన ఉచ్చును పట్టుకొని దాని గుండా లాగవలెను. వెంటనే ఐదును ఒక్కటై ముందుకు ఉబుకును. పిమ్మట ఒక గొలుసు కుట్టు వేసి బిగింతురు. క్రొత్త దారమేమియు తేలేదు. చివరిది మొదటిదానితో కలిసినది, అంతే.

సహోదరులారా, ఒకే కన్నులో నుండుట వేరు, ఒక్కటిగా బిగింపబడుట వేరు. కొరింథు సంఘస్థులు ఒకే చోట కూడిరి. అయినను కలిగినవారు ముందుగా భుజించిరి, లేనివారు ఆకలితో నుండిరి. అందుకే పౌలు వారి కూడికను మెచ్చుకొనలేదు (1 కొరింథీ. 11:17–22).

మన సంగతి ఏమి? ఆదివారమున ఒకే రొట్టెలో పాలుపొందుదుము. సోమవారమున ఒకరి యింట నొకరు అన్నము తినుటకు కులము అడ్డు వచ్చుచున్నదా? పెండ్లి సంబంధము మాట వచ్చినప్పుడు మొదట అడుగు ప్రశ్న విశ్వాసమును గూర్చియా, కులమును గూర్చియా? అట్లయిన మనము విసనకర్రవలె పరచుకొన్న కుట్లమే. పేరు సంఘము, బంధము లేదు.

గద్వాల మగ్గమును చూడుడి. నూలు చీరకు పట్టు అంచు. నేయుచుండగానే పోగును పోగుతో పెనవేసి కలుపుదురు. పట్టు నూలుగా మారదు, నూలు పట్టుగా మారదు. అయినను చీర ఒక్కటే. ప్రేమయు అట్టిదే. అందుకే అపొస్తలుడు అన్ని సద్గుణములపైన ప్రేమను ధరించుకొనుమని చెప్పుచున్నాడు.

ఎవరు మొదట వంగవలెను? ఈ కుట్టులో చివరి ఉచ్చు తిరిగి మొదటిదాని యొద్దకు పోవును. దూరముగా నున్నవాడు తనంతట వచ్చునని కనిపెట్టక, మనమే లేచి అతని గుమ్మము నొద్దకు పోవుదము.

కుట్టు తప్పినయెడల నిరాశపడకుడి. లేసులో సూదిమీద నిలుచు ఉచ్చు ఒక్కటే. దానిని లాగినయెడల తప్పిన వరుస ఊడివచ్చును, దారము చెడదు, తిరిగి అల్లవచ్చును. మన సంఘములను దేవుడు అట్లే విప్పి తిరిగి అల్లును గాక. ఈ నెలలోనే, మీ యింట ఇదివరకు భోజనము చేయని ఒక విశ్వాస కుటుంబమును పిలిచి, వారితో కలిసి కూర్చుండి తినుడి.

ఆమేన్.